బురద లెక్క

మా వీర్డెజైల్ జట్టు ఎంత ఎదిగిందో
మీరు పేపర్లో పాయింట్ల పట్టిక చూసి చెప్తారు.
నేను వాషింగ్ మెషీన్ జాలీ విప్పి చెప్తాను.

ఐదో తరగతిలో ఉండేవాళ్ళం అప్పట్లో.
(ఈ బడిలో లెక్క తలకిందులు,
ఐదుకన్నా నాలుగు గొప్ప.)
శనివారం చీకటి పడేసరికి
పద్నాలుగు చొక్కాలు తడిసిన గోనెసంచీలో
నా గుమ్మం ముందు దభీమని పడేవి.
సముద్రాన్ని వెనక్కి నెట్టి సంపాదించిన నేల మాది,
నీలిబూడిద రంగు జిగట మట్టి,
పట్టిందంటే అప్పులవాడిలా వదలదు.
రాత్రంతా చన్నీళ్ళలో నానాలి,
తెల్లారి గోళ్ళతో గీకాలి,
అప్పుడుగాని తెలిసేది కాదు
ఏది తెల్ల చారో, ఏది పచ్చ చారో.

నంబరు చూడకుండానే చెప్పేదాన్ని ఎవరిదేదో.
మోచేతుల దగ్గర మందంగా ఉంటే గోల్‌కీపర్ ఒన్నో,
వారమంతా చక్కెరదుంపల పొలంలో వంగి
శనివారం సరదాకి ఇక్కడ దొర్లేవాడు.
వీపంతా ఉంటే ఫోక్కో.
మట్టే అంటని చొక్కా నోటరీ గారబ్బాయిది.
ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

గట్టు మీద గొర్రెలు, గట్టు కింద ఆట.
గాలి ఎప్పుడూ ఒకే వైపు,
మొదటి సగం మేం గెలిచేవాళ్ళం
రెండో సగం గాలి గెలిచేది.
బంతి కాలవలో పడితే
గెడకర్రకి బుట్ట కట్టి తీసేవాడు మా ఆయన హార్మ్.
క్లబ్బులో అదే ఆయన పదవి,
ముప్ఫయ్యేళ్ళు ఎవరూ పోటీకి రాలేదు.

అప్పుడొచ్చాడు కోచ్‌గా
పాల ట్యాంకర్ నడిపే వీబ్రన్.
వచ్చిన రోజే అందరినీ గట్టెక్కించాడు,
నిజం గట్టే, వానలో, ఇరవైసార్లు.
ఆ మాటకున్న రెండో అర్థం
మాకు మరుసటేడు తెలిసింది.

మలుకు దీవులవాళ్ళ వీధి నించి
పదిహేడేళ్ళ యోసియాస్‌ని తెచ్చాడు.
తాత ఓడ దిగింది ఒక చలికాలం కోసమట,
ఆ చలికాలం ఇంకా అవలేదు.
ఆ పిల్లాడి చొక్కాకి భుజాల మీదే మట్టి,
అన్నీ అరచేతుల అచ్చులు:
గోల్ కొట్టినప్పుడల్లా మీద పడి
వాటేసుకున్నవాళ్ళవి.
వాటిని ఉతకడానికి కొంచెం ఆలస్యం చేసేదాన్ని.

నాలుగు. మూడు.
సబ్బుపొడి పెద్ద డబ్బా కొన్నాను.
రెండో తరగతికి ఎక్కిన రాత్రి
వంతెన కాపలా ముసలాయన తాగి
పడవ ఒక్కటీ లేకుండానే వంతెన ఎత్తేశాడు,
దించడం మర్చిపోయాడు.
జట్టు బస్సు అవతలి ఒడ్డున, ఊరంతా ఇవతల.
అరగంట సేపు నీళ్ళ మీదుగా
ఒకళ్ళ పేర్లు ఒకళ్ళం అరుచుకున్నాం.
హార్మ్ పేరు కూడా ఎవరో అరిచారు.
ఆయన అప్పటికి ఆసుపత్రిలో ఉన్నాడు,
ఫోన్ గాలిలోకి ఎత్తి పట్టుకున్నాను.

గెడకర్ర ఇప్పుడు క్లబ్ గోడకి మేకు మీద ఉంది.

మొదటి తరగతికి వెళ్ళాక
తలుపులూ కిటికీలూ అమ్మే కంపెనీ డబ్బిచ్చింది.
ప్లాస్టిక్ గడ్డి పరిచారు.
ఎత్తయిన వల కట్టారు, బంతి కాలవ దాకా రాదు.
కొత్త దీపాల వెలుగుకి
గొర్రెలు రాత్రుళ్ళు నిలబడే ఉంటున్నాయి.
తొమ్మిది వందల గడప లేని ఊరికి
పదకొండు వందల మంది ఆట చూడ్డానికొచ్చారు,
పోయిన శనివారం. చూశాను, గొంతు పోయేలా అరిచాను.
ఇది ఫిర్యాదు అనుకోకండి.

జాలీ విప్పితే మాత్రం
ఆవాల్లాంటి నల్ల రబ్బరు గుళ్ళు, గుప్పెడు.
చొక్కాలన్నీ నోటరీ గారబ్బాయివే.

ఏప్రిల్లో కమిటీవాళ్ళు పూలగుత్తి తెచ్చారు,
ఇక మీదట లాండ్రీ వ్యాను వస్తుందని
నా కాఫీ తాగుతూ, నా వంక చూడకుండా చెప్పారు.
మొన్న వచ్చింది.
వ్యాను కుర్రాడు రెండు చేతులూ చాచి,
కాళ్ళు ఎడం చేసి, ఊపిరి బిగబట్టి సంచీ ఎత్తాడు,
ఎత్తి తూలాడు.
"ఇంతేనా? తేలిగ్గా ఉందే" అన్నాడు.